సోలాపూర్ కారులో తొమ్మిది పెట్టలు, ఒక పుంజు

1983 ఎండకాలం. వరంగల్ చౌరస్తాకు కొంచెం అవతల నాకు కోళ్ల దాణా దుకాణం ఉండేది. మక్కల నూక, తవుడు, పల్లిచెక్క, ఎండుచేపల పొడి కలిపి లేయర్ మాష్ తయారుచేసేవాణ్ని. లేయర్ అంటే గుడ్ల కోసం పెంచే కోడి, మాష్ అంటే దానికి పెట్టే పొడి దాణా. దాణా అమ్మడంతోపాటు కోళ్లను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చే పని కూడా ఒప్పుకునేవాణ్ని. అప్పుడే పుట్టిన పిల్లలనైతే బెజ్జాల అట్టపెట్టెల్లో సర్ది బస్సు మీద కూడా పంపొచ్చు. కడుపులో మిగిలిన పచ్చసొన వాటికి ఒకటి రెండు రోజులు సద్ది మూటలా పనికొస్తుంది. పెరిగిన కోడి అట్లా కాదు. దాని ఒళ్లు ఎప్పుడూ మన ఒంటికంటే వేడిగా ఉంటుంది, చెమట పట్టదు. వేడి చేస్తే నోరు తెరిచి రొప్పడం, రెక్కలు దూరంగా పెట్టుకోవడం, ఇంతే దానికి తెలిసిన ఉపాయం.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. మా నాయనది కిరాణం, మేనమామలది బట్టల కొట్టు, చిన్నాయనది ఇత్తడి సామాన్లు. బేరమాడకుండా కొన్న వస్తువు ఇంట్లోకి వస్తే మా అమ్మ దాన్ని వారం రోజులు అనుమానంగా చూసేది. నా పెళ్లిలో బాజావాళ్లతో నేనే బేరమాడి రేటు తగ్గించాను. వాళ్లు ఒక సన్నాయిని తగ్గించుకుని వచ్చారు. మా ఇంటావిడ ఆ సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆ ఎండకాలంలోనే కొమురమ్మ నా దుకాణానికి వచ్చింది. కొత్తవాడలో ఉండేది. ఆమె భర్త సత్తయ్య జంపఖానాలు నేసేవాడు. మగ్గం మీద పని తగ్గడంతో సోలాపూర్‌లో వాళ్ల అన్న దగ్గరికి పోయి, పవర్‌లూమ్‌లో కుదిరి, సామాన్లు లారీకి వేయించుకుపోయాడు. ఇక ఆమె పోవాలి. ఆమెతో తొమ్మిది నాటుపెట్టలు, ఒక పుంజు పోవాలి. ఆ పెట్టలు గుడ్లు పొదగడానికి కూర్చుంటే పిల్లలు బయటికొచ్చేదాకా లేవవని చుట్టుపక్కల పేరు. జతల కోసం హనుమకొండ నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్లు.

"ఇక్కడ అమ్ముకొని పో అక్కా. సోలాపూర్ల కోళ్లు దొర్కవా?" అన్నాను.

"దొర్కుతయ్. ఎవ్వల పైసలతోని కొనాలె?"

జవాబు కూడా ఆమే చెప్పింది.

"మా బావగారిల్లు సేటూ. పొయ్యి వాళ్లది, బియ్యం వాళ్లయి. సబ్బుబిళ్ల కావాలన్నా తోటికోడలి మొఖం సూడాలె. ఈ కోళ్లు నా ఎంబడి ఉంటె నేను ఎవ్వల్నీ ఏదీ అడగ. ఇయ్యి లేకపోతె బతికినన్ని దినాలు అడుక్కునుడే."

రైల్లో బ్రేక్ వ్యాన్‌లో వేద్దామంటే ఒప్పుకోలేదు. చీకటి డబ్బాలో ఎవరి మూటల కింద పడతాయోనని ఆమె భయం. కారు కావాలంది. కారు అనగానే నా చెవులు నిక్కపొడుచుకున్నాయి. నా కూలి చెప్పాను. ఆమె సగానికి అడిగింది. సగానికీ నా మాటకూ మధ్యలో ఎక్కడో ఆగాం. అప్పుడు ఆమె అసలు మాట తీసింది.

"బతికి దిగినదానికే పైసలు. దారిల సచ్చినదానికి ఇయ్య."

"అక్కా, నేను యముడితోని బేరమాడలేను."

"నాతోని ఆడుతాన్నవ్ గద. ఆయనతోని గూడ ఆడు."

దుకాణదార్ల ఇంట్లో పుట్టి, ఇంత వయసొచ్చి, ఆ షరతుకు ఒప్పుకున్నాను. కోళ్లతోపాటు నేనూ సోలాపూర్ పోవాల్సి వచ్చింది అందుకే.

కారు సంపాదించడంలో మాత్రం నా తెలివి చూపించాను. హనుమకొండలో ఒక పెళ్లికి సోలాపూర్ నుంచి మగపెళ్లివారిని తీసుకొచ్చిన అంబాసిడర్ ఖాళీగా తిరిగిపోతోంది. ఖాళీ బండికి ఏ బేరమైనా లాభమే. డ్రైవర్ ఇస్మాయిల్ భాయ్‌తో కిరాయి ఖాయం చేసుకుని, చేతిలో చెయ్యి వేయించుకున్నాక, సామాన్ ఏమిటో చెప్పాను.

"గంపలా? గంపలల్ల ఏమున్నయ్ సేఠ్?"

"కోళ్లు."

ఆయన నా చెయ్యి వదిలి తన చెయ్యి చూసుకున్నాడు. "ఈ మాట ముందుగాల చెప్తే నా రేటు వేరే ఉండేది."

"అందుకే చెప్పలేదు భాయ్."

సీట్లు కడిగించే ఖర్చు నా మీద వేసుకున్నాక గానీ నవ్వలేదు.

పెద్ద కోళ్లను దూరం తీసుకుపోవడానికి నా పద్ధతి ఇదీ. కాళ్లు కట్టను. కడితే రక్తం ఆడక, దిగాక కుంటుతాయి. డిక్కీలో వేయను, అక్కడ గాలి ఉండదు, పొగ మాత్రం ఉంటుంది. బయలుదేరే ముందు రాత్రి నుంచే గింజలు ఆపేస్తాను, నీళ్లు మాత్రం చివరిదాకా పెడతాను. కడుపు నిండిన కోడి దారిలో వేడెక్కుతుంది, గంపంతా పాడుచేస్తుంది. వెనక సీటు దిండు విప్పించి డిక్కీలో పెట్టించాను. ఆ ఖాళీలో మందంగా గడ్డి పరిచి మూడు వెడల్పు గంపలు, గంపకు మూడేసి పెట్టలు. నిలబడి తిరిగేంత చోటు ఉండాలి, ఒకదాని మీద ఒకటి దొర్లేంత ఉండకూడదు. దారిలో గిన్నెతో నీళ్లు పెడితే ఒలికిపోతాయి కాబట్టి కీరదోస ముక్కలు. ఎండ పడే వైపు తడిపిన గోనెపట్టా. గంపల పక్కన మడిచిన బొంత మీద కొమురమ్మ కూర్చుంది. పుంజు పెట్టలతో ఉంటే పొడుస్తుందని దానికి చిన్న గంప, ముందు సీట్లో నా కాళ్ల దగ్గర.

వెలుగు రాకముందే, కోళ్లు ఇంకా మత్తులో ఉండగానే ఎక్కించాం. చల్లపొద్దు మీద హైదరాబాద్ దాటేయాలని నా లెక్క. బండి కదిలాక కిటికీల్లోంచి గాలి ధారగా వచ్చింది. దాన్నే మేము వెంటిలేషన్ అంటాం, వేడిగాలి బయటికీ చల్లగాలి లోపలికీ తిరుగుతూ ఉండడం. పెట్టలు చిన్నగా కుర్‌కుర్ అంటూ కూర్చున్నాయి. అంతా సరిగ్గా కుదిరిందని నా భుజం నేనే తట్టుకున్నాను.

స్టేషన్ ఘన్‌పూర్‌లో రోడ్డు మీద ఒక మనిషి చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు. కొమురమ్మ చిన్నాయన కొడుకు.

"ఇంటి ముందట్నించి పోతూ దిగకపోతె ఏమనుకుంటడు? ఐదు నిమిషాలు సేటూ," అందామె.

చాయ్ తాగాం. జనగామలో ఆడబిడ్డ ఇల్లు. ఆడబిడ్డ ఇంటిముందు ఆగకుండా పోతే ఆ మాట సత్తయ్య చెవిలో పడకుండా ఉంటుందా? మళ్లీ ఐదు నిమిషాలు. అక్కడ ఉప్మా కూడా. తర్వాత ఇంకెవరో ఒక మేనత్త, రోడ్డు పక్కనే అంగడి. ఇస్మాయిల్ భాయ్ నన్ను పక్కకు పిలిచి, "సేఠ్, ఇది సోలాపూర్ సడకనా, ఈ బాయి పుట్టింటి గల్లీనా?" అన్నాడు.

భువనగిరి చేరేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చేసింది. అక్కడ ఆమె పెద్దమ్మ ఉండేది. తల్లి లేని కొమురమ్మను పెంచి పెళ్లి చేసింది ఆవిడే కాబట్టి అదే ఆమెకు పుట్టిల్లు. ఆగవద్దని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. గడపలోనే ఎదురొచ్చి, "దేశం ఇడిసి పోతాన్న ఆడివిల్లను ఒడిబియ్యం పొయ్యకుంట పంపుతనా బిడ్డా," అంది పెద్దమ్మ. లోపల అప్పటికే పీట వేసి ఉంది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, కొత్త చీర, రైకబట్ట సిద్ధంగా ఉన్నాయి. వాడకట్టు ముత్తయిదువలు వచ్చి కూర్చున్నారు. అంటే ఇదంతా ముందే అనుకున్నది. నాకు ఒక్కడికే తెలియదు.

బండిని వేపచెట్టు నీడలో పెట్టించాను. కిటికీలు దించే ఉంచాం. మగవాళ్లిద్దరికీ వాకిట్లో విస్తళ్లు వేశారు. మేము తింటుండగా వాడ కుక్కలు కోళ్ల వాసనకు బండి చుట్టూ చేరాయి. ఒకటి కిటికీ మీద కాళ్లు పెట్టిందని ఇస్మాయిల్ భాయ్ లేచిపోయి అద్దాలు నాలుగు వేళ్ల సందు వదిలి పైకెత్తి వచ్చాడు. మంచిపనే చేశాడనుకున్నాను. నీడ ఉంది, సందు ఉంది, పట్టా తడిగానే ఉంది. నడిచే బండికి సరిపోయిన ఏర్పాటు నిలబడ్డ బండికి కూడా సరిపోతుందని నా నమ్మకం. గాలి బండి వేగంతో వచ్చిందే తప్ప నా పనితనంతో వచ్చింది కాదని అప్పటికి నాకు తట్టలేదు.

లోపల పాట నడుస్తోంది. ఒక్కో ముత్తయిదువ దోసిలితో కొమురమ్మ ఒడిలో బియ్యం పోస్తోంది. ఉన్నట్టుండి ఆమె గొంతు వినిపించింది.

"పాట ఆపుండ్రి. సేటూ, కోళ్లు సప్పుడు చేస్తలేవ్."

విస్తరి వదిలి నేను బండి దగ్గరికి పరుగెత్తాను. నీడ జరిగిపోయి ఎండ సూటిగా బండి కప్పు మీద పడుతోంది. తలుపు తీస్తే పొయ్యి మీది గిన్నె మూత తీసినట్టు ఆవిరి మొహానికి కొట్టింది. తడిపట్టా కూడా ఆ ఆవిరికే తోడైంది. గంపల్లో పెట్టలు ముక్కులు తెరుచుకుని, మెడలు సాచి, రెక్కలు వేలాడేసి ఉన్నాయి. హీట్ స్ట్రోక్ అంటే వడదెబ్బ. కోడికి వడదెబ్బ తగిలితే ముందు గోల చేస్తుంది, ముదిరితే గోల మానేస్తుంది. పాటలో కూర్చున్న ఆమెకు వినిపించింది ఆ రెండోదే.

గడప దగ్గరికి వచ్చి సంగతి చెప్పాను. "లోపల్కి తీస్కరా," అంది కొమురమ్మ. లేవబోయింది.

"లేవద్దు," అంది పెద్దమ్మ. "ఒడి నిండకుండ, కొంగు ముడి పడకుండ లేస్తరా? అరిష్టం గాదు?"

"పెద్దమ్మా, అయ్యి సస్తె నేను అక్కడ చెయ్యి జాపుకొని బతకాలె. అదేం శుభం?"

నాకు పెద్దమ్మ మొహం ఇప్పటికీ గుర్తుంది. కోపం కాదు, భయమూ కాదు, లెక్క చూసుకుంటున్న మొహం. లెక్క తేలినట్టు ముత్తయిదువల వైపు తిరిగింది.

"నువ్వు కూసో బిడ్డా. ఏమే, మీరు లేవుండ్రి. కోళ్లను ఇక్కడికే తేండ్రి."

పట్టుచీరల్లో ఉన్న ఆడవాళ్లు గంపలు ఎత్తుకొచ్చారు. అలికిన మట్టినేల చల్లగా ఉంది. పెట్టలను ఒక్కోదాన్ని విడిగా, దూరదూరంగా నేల మీద పెట్టించాను. కాళ్లను నీళ్ల తాంబాళంలో ముంచి తీశాం. తుడుపు బట్టతో రెక్కల కింద అద్దాం. ఒకావిడ చెంబుతో పెట్ట నోట్లో నీళ్లు పోయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. రొప్పే కోడికి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు ముందు పెట్టి, అదే తాగేదాకా ఊరుకోవాలి. ఇస్మాయిల్ భాయ్ తలుపు దగ్గర నిలబడి విసనకర్రతో విసరసాగాడు. కోళ్లున్నాయని రేటు పెంచుతానన్న మనిషి ఈయనే.

పుంజు గంప చివరగా నేనే తెచ్చాను. ఇంజిన్ వేడి తగిలే చోట, నా కాళ్ల దగ్గర పెట్టింది నేనే కదా. అది అప్పటికే పోయింది.

కొమురమ్మకు చెప్పాను. ఆమె ఒడిలో సగం నిండిన బియ్యం అట్లాగే పట్టుకుని, "పెట్టలు?" అని మాత్రం అడిగింది.

"ఆరు తేరుకుంటానయ్. మూడు చెప్పలేం."

ఆ మూడింటిలో ఒకటి నల్లపెట్ట. మిగిలిన ఎనిమిదింటికీ అదే పెద్ద, కొన్నింటికి తల్లి కూడా. కొమురమ్మ దాన్ని తన పీట పక్కనే పెట్టమంది. పెద్దమ్మ మళ్లీ దోసిలి నింపింది. పాట లేదు. కోళ్ల మధ్య, తడినేల మీద ఒడిబియ్యం సాగింది. కొన్ని గింజలు జారి పడ్డాయి. కాసేపటికి నల్లపెట్ట మెడ ఎత్తింది. కన్ను ఒకటి తెరిచి చూసింది. కూర్చున్న చోటు నుంచే మెడ సాచి, ఒక పసుపు గింజను ఏరుకుంది. తర్వాత ఇంకొకటి. తర్వాత సూటిగా కొమురమ్మ ఒడిలోనే ముక్కు పెట్టింది.

"అయ్యో, ఒడిబియ్యం కోడి తినుడేంది?" అంది ఒక ముత్తయిదువ.

పెద్దమ్మ దోసిలి ఆపలేదు. "తిననియ్. దాని అమ్మమ్మను గూడ ఈ ఇంట్లకెంచే పంపిన, కొమురమ్మ పెండ్లప్పుడు. అది గూడ మనింటి ఆడివిల్లనే."

ఆ మాటతో కొమురమ్మ ఏడ్చింది. పొద్దుటి నుంచి నాలుగు ఇళ్లల్లో ఎవరెవరో పట్టుకుని ఏడ్చినా ఆమె కంట నీరు చూడలేదు నేను.

కొంగు ముడిపడ్డాక పెద్దమ్మ పెరట్లోకి పోయి ఒక ఎర్రపుంజును చంకలో పెట్టుకొచ్చింది. "మగదిక్కు లేకుండ నా పెట్టలను పంపుతనా," అంది. నేను దాని రొమ్ము తడిమి చూసి, అలవాటు కొద్దీ, "కొంచెం తేలిక ఉన్నది పెద్దమ్మా" అన్నాను. బేరం లేని చోట కూడా నా నోరు ఊరుకోదు. "నువ్వేమన్న కొంటాన్నవా బిడ్డా?" అందావిడ. ఇస్మాయిల్ భాయ్ పడిపడి నవ్వాడు.

ఎండ తగ్గేదాకా కదలొద్దని చెప్పాను. ఆగమని నేను చెప్పడం అదే మొదటిసారి. చల్లబడ్డాక బయలుదేరాం. ఈసారి పుంజు కూడా వెనకే, తలుపు పక్కన, గాలికి. గంపలు తడిపిన పట్టాలతో మూయలేదు. హైదరాబాద్‌లో ఒక సందు మలుపు వచ్చేసరికి కొమురమ్మ కొంగు కప్పుకుని కిందికి వంగి కూర్చుంది.

"ఏమైందక్కా?"

"ఆ సందుల మా చిన్నత్త ఇల్లు. జర జల్ది పోనియ్."

అప్పుడు నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. ఆ సందులో కూడా ఎవరో పీట వేసుకుని ఎదురుచూస్తూ ఉండొచ్చు. ఆమె దాచుకున్నది మొహం ఒక్కటే కాదు, అక్కడ దిగాలన్న ఆశను కూడా అనిపించింది.

తెల్లవారేసరికి సోలాపూర్ చేరాం. సత్తయ్య, తోటికోడలు వాకిట్లో ఉన్నారు. కొమురమ్మ గడప తొక్కకముందే నీడ ఉన్న మూల అడిగి, అక్కడ గంపలు దించి, నీళ్లు పెట్టింది. తొమ్మిది పెట్టలూ తాగాయి. దారి బెదురుకు కోడి వారం పది రోజులు గుడ్డు మానేస్తుంది, దీన్నే స్ట్రెస్ అంటాం, కంగారుపడి కోయొద్దని చెప్పాను. మాట ప్రకారం చచ్చిన పుంజుకు నాకు ఏమీ రాదు. నేను ఆ మాట ఎత్తేలోపే ఆమె లెక్క తేల్చింది.

"పది ఎక్కినయ్, పది దిగినయ్. పూర ఇస్త."

"ఆ పుంజు వేరే అక్కా."

"నీకెందుకు సేటూ? లెక్క పదే గద."

ఇచ్చేవాళ్లు ఎక్కువిస్తామంటే, తీసుకునే నేను తక్కువ చాలని నా జన్మలో మొదటిసారి బేరమాడాను. అందులోనూ ఆమే గెలిచింది.

మరుసటి పెళ్లిళ్ల కాలంలో ఇస్మాయిల్ భాయ్ హనుమకొండ వచ్చి నా దుకాణంలో కూర్చున్నాడు. కొమురమ్మ సంగతి అడిగాను. ఆ మూడు పెట్టల్లో ఒకటి తర్వాత తేరుకోక చచ్చిపోయిందట. నల్లపెట్ట మాత్రం ఎర్రపుంజు సంతానాన్ని రెండుసార్లు పొదిగిందట.

"మా ఇంట్ల గుడ్లు ఆమె దగ్గరనే కొంటరు సేఠ్. దోస్తువాడినని చెప్పినా ఒక్క పైస తగ్గియ్యది. ఆమె తోటికోడలు గూడ పైసలిచ్చే కొంటది."

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ పని చేశాను. గంపల సైజు, గడ్డి మందం, గింజలు ఆపే వేళ, ఇవేవీ పెద్దగా మారలేదు. పరుగెత్తే బండిలో కోడి చావడం తక్కువ, నిలబడ్డ బండిలోనే చస్తుంది. అది మాత్రం భువనగిరిలో నేర్చుకున్నాను. బండి ఎక్కడ నిలబడుతుందో దూరం చెప్పదు, బండి రకం చెప్పదు, మనుషులు చెప్తారు. అందుకని ఎవరు కోళ్లు తీసుకుపోవాలని వచ్చినా ముందు ఒకటే అడిగేవాణ్ని: "దారిల మీ చుట్టాలు ఎవరెవరున్నరు?" కోళ్లకూ చుట్టాలకూ ఏం సంబంధమని కొందరు నవ్వేవాళ్లు. ఉన్నారంటే ఆ ఇళ్లకు ముందే కబురు పంపమనేవాణ్ని, చల్లని వసారా ఒకటి ఖాళీగా ఉంచమని, బండి ఆగగానే మనుషులకంటే ముందు గంపలు దించాలని.

ఎవరూ లేరని చెప్పేవాళ్లూ ఉండేవాళ్లు. వాళ్ల బండి ఎక్కడా ఆగదు, కోళ్లు తొందరగా చేరతాయి. కానీ దారిలో ఒక పుంజు తగ్గితే పెరట్లోంచి ఇంకోదాన్ని చంకలో పెట్టుకొచ్చే మనిషి కూడా వాళ్లకు ఉండడు. అందుకని వాళ్లను ఒక పుంజు ఎక్కువే తీసుకుపొమ్మనేవాణ్ని. అది నా దుకాణంలోనే కొనుక్కోమని కూడా చెప్పేవాణ్ని.